గొంతులు మింగే గళభైరవుడు

కర్దమదుర్గం తలుపు ఇనుముతోనో కొయ్యతోనో చేసింది కాదు. అది ఎండి బిగుసుకుపోయిన బురద. దాన్ని తెరవాలంటే భటుడు కడివెడు మురికినీళ్ళు తెచ్చి దాని మీద గుమ్మరించాలి. అప్పుడు అది మెత్తబడి, జారి, చచ్చిన జంతువు నాలుకలా గడప మీద పరుచుకుంటుంది. లోపలికి వెళ్ళాలనుకున్నవాళ్ళు ఆ నాలుక మీద నడిచే వెళ్ళాలి.

కేతకి మొదటి అడుగు వేసింది. పాదం చీలమండ దాకా దిగబడింది. వేళ్ళ సందుల్లో ఏదో వెచ్చగా కదిలి పక్కకు తప్పుకుంది. ఆమె పళ్ళు బిగపట్టి రెండో అడుగు వేసింది.

"కిందికి చూడకు," అన్నాడు వెనక వస్తున్న శరభాంకుడు చిన్నగా.

"చూడకపోతే తెలియకుండా పోతుందా, యువరాజా?" అంది కేతకి. "వాసన పైనే ఉందిగా."

పాటగాడు మకరందుడి వేషంలో, తలపాగా చుట్టి, పెదవి మీద దొంగ మీసం అంటించుకుని నడుస్తున్న ఆ కేతకి నిజానికి ఉప్పు పండించే కొటార్లలో పుట్టిన పిల్ల. ఆమె వెనక మృదంగం మోసుకొస్తున్నది కుముద్వతీ నగర యువరాజు శరభాంకుడు. ఆ మృదంగం కడుపులో దరువు లేదు, పొట్టికత్తి ఉంది.

ఈ ఇద్దరూ ఈ రొచ్చులోకి రావలసిన పని ఎందుకు పడిందంటే, కుముద్వతీ నగరపు దంతపు తలుపులు తాళంచెవితో తెరుచుకునేవి కావు. పూర్వం ఎవరో సిద్ధులు వాటికి ప్రాణం పోసి నిలబెట్టారు. ఊరి వెలుపల తోటలో ఉండే గాయని మందారవల్లి పొద్దున్నే వచ్చి ఒకే ఒక స్వరం పలికేది. దాన్ని దారమంత సన్నగా మొదలుపెట్టి, వరదవేళ నదిలా నింపి, అదే ఊపిరిలో మళ్ళీ దారమంత సన్నగా చేసి విడిచేది. తలుపులు ఆ గొంతును గుర్తుపట్టి తెరుచుకునేవి. మరొకరి గొంతుకు అవి కదలవు. ఆ గొంతును గళభైరవుడనే మాంత్రికుడు దొంగిలించాడు. నాటి నుంచి నగరం మూసుకుపోయింది. ధాన్యపు బళ్ళు గోడల బయట నిలిచిపోయాయి, లోపల జనం ఆకులలములు ఉడకబెట్టుకు తింటున్నారు. తోట ఇంట్లో మందారవల్లి పెదవులు కదిపితే ఊపిరి చప్పుడు తప్ప ఏమీ రావడం లేదు. వేట నుంచి తిరిగొచ్చి తన నగరం బయటే నిలబడిపోయిన యువరాజూ, ఆమె దగ్గర సుకంఠ విద్య నేర్చుకుంటున్న కేతకీ కలిసి బయలుదేరారు. గళభైరవుడు తన కర్దమదుర్గానికి కొత్త గాయకులు కావాలని దండోరా వేయించాడని దారిలోనే తెలిసింది. మందారవల్లి శిష్యురాలని పోల్చుకోకుండా కేతకి మగవేషం కట్టింది.

చావడి లాంటి గదిలో వాళ్ళకు చౌడక్క ఎదురైంది. గాయకులను సభకు సిద్ధం చేసేది ఆమే. మెడ కనిపించనంత లావు మనిషి. చేతులు మోచేతుల దాకా జిగురుతో మెరుస్తున్నాయి. మాట్లాడుతూనే ఆ చేతులతో తాంబూలం చుట్టి నోట్లో పెట్టుకుంది.

"ఏం బాబూ, నీదేనా పాట? ఇంత సన్నంగా ఉన్నావు, గొంతులో పస ఉంటదా?" అంది.

"ఉంటుందక్కా," అంది కేతకి గొంతును గుండెల్లోకి దించి, మగవాడిలా.

"అయితే ఇది తాగు."

ఆమె అందించిన ముంతలో పచ్చగా, తీగలు సాగుతూ ఏదో ఉంది. నత్తల జిగురు, ఆముదం, చేప కాలేయం కలిపి మగ్గబెట్టిందట. పైన బుడగ ఒకటి నెమ్మదిగా ఉబ్బి చిట్లింది.

"మా గురువుగారు పాటకు ముందు మంచినీళ్ళు తప్ప ముట్టనివ్వరు," అంది కేతకి.

చౌడక్క పగలబడి నవ్వింది. "మీ గురువు మాట ఇక్కడెవరిక్కావాలి బాబూ? గొంతుకి జిగురు పట్టకపోతే తర్వాత దొరగారు జలగ వేసినప్పుడు నీ గొంతు లోపలే అంటుకుపోద్ది. తాగు, తాగు. ముక్కు మూసుకుని తాగినా నేనేమనుకోను."

బురద ముద్దలకు ప్రాణం పోసి నిలబెట్టిన బురదభటులు వెనక ఈటెలు సవరించుకున్నారు. కేతకి తాగింది. అది గొంతు దిగలేదు, పాకింది. నాలుక మీద ఒక పొర మిగిలిపోయింది. దాన్ని పళ్ళతో గీకినా పోలేదు.

గది పొడవునా గోడవారగా మట్టికుండలు పేర్చి ఉన్నాయి. వాటి నిండా తెల్లటి చీమిడి లాంటి ద్రవం. అందులో మునిగి కప్పలు, ఒక్కొక్కటీ పిడికెడంత. ఒక కుండ పక్కన నడుస్తుంటే లోపలి నుంచి ముసలివాడి దగ్గు వినిపించింది. మరొక దాంట్లో ఎవరో ఆడమనిషి లాలిపాట సగంలో ఆపి ఏడ్చింది. శరభాంకుడు ఆగి కుండలోకి తొంగి చూశాడు.

"అవేమిటి?" అన్నాడు.

"గొంతులయ్యా, గొంతులు. జలగ లాగుద్ది, కప్ప తాగుద్ది. దొరగారికి ఎప్పుడు ఏది కావాలంటే అది." చౌడక్క ఒక కప్పను పైకెత్తి పొట్ట నొక్కి చూపించింది. అది మనిషి గొంతుతో "అమ్మా" అంది. ఆమె దాన్ని మళ్ళీ లోపల పడేసి చెయ్యి చీరకు తుడుచుకుంది. "జిగురులో ఉన్నా బతుకుద్ది, మనిషి పొట్టలో ఉన్నా బతుకుద్ది. ఊరికే గాలికి వదిలేస్తే మాత్రం కాసేపట్లో పగిలి చచ్చుద్ది. గొంతూ దాంతోనే పోద్ది. అందుకే ఇంత చాకిరీ నాకు."

కేతకికి ఆ నిమిషంలోనే ఆ ముంతలో తాగినదంతా పైకి వచ్చింది. బలవంతంగా దిగమింగుకుంది. రెండోసారి మింగడం మొదటిదానికంటే ఘోరంగా ఉంది.

సభామంటపం ఒకప్పుడు ఎంత అందంగా ఉండేదో ఇప్పటికీ తెలుస్తూనే ఉంది. ముత్యపు చిప్పలు పొదిగిన స్తంభాలు, పగడపు తీగలు అల్లుకున్న పైకప్పు, నడిమింటి ఎండ పడితే ఏడు రంగులుగా చీలే స్ఫటికపు కిటికీలు. ఆ అందమంతటి మీదా తడి పాచి పట్టింది. చిప్పల్లో మాంసం తీయకుండానే పొదిగారు కాబోలు, అవి కుళ్ళి కారుతున్నాయి. సభికులు పట్టుబట్టలు కట్టుకుని, కస్తూరి పూసుకుని, ముక్కుల దగ్గర మొగలిరేకులు పట్టుకుని కూర్చున్నారు. ఈగలు మాత్రం ఎవరి మర్యాదా పాటించకుండా అందరి కనురెప్పల మీదా వాలుతున్నాయి.

సింహాసనం మీద గళభైరవుడు. మనిషి సన్నగా, పొడుగ్గా, తెల్లటి గడ్డంతో పుణ్యాత్ముడిలా ఉన్నాడు. మెడ మాత్రం గాదెలా ఉబ్బి, చర్మం పలచబడి, లోపల ఏదో కదలడం బయటికి కనిపిస్తోంది. అతనికి సొంత గొంతు లేదు. నోరు తెరిస్తే గరగరమని నీళ్ళ చప్పుడు.

అతను వేలు చూపించాడు. చౌడక్క బంగారు పళ్ళెంలో ఒక కప్పను తెచ్చింది. గళభైరవుడు దాని వెనక కాళ్ళు పట్టుకుని, తల వెనక్కి వాల్చి, నాలుక మీద పెట్టుకుని మింగాడు. కప్ప కాళ్ళు పెదవుల మధ్య రెండుసార్లు కొట్టుకుని లోపలికి పోయాయి. సభికులు చప్పట్లు కొట్టారు.

అప్పుడు అతను పాడాడు.

అది మందారవల్లి గొంతు.

ఉప్పుమడుల గట్టు మీద మొదటిసారి విన్నప్పుడు కేతకి చేతిలో పార జారిపోయిన గొంతు అది. ఆ గొంతును ఆమె గురువు ఏనాడూ తోయలేదు. "ఊపిరి అనేది పడవ కింద నీళ్ళలాంటిదే పిల్లా," అనేది. "నీళ్ళు పడవను మోస్తాయి గానీ గుద్దవు." పక్కటెముకలు విప్పారి ఉండాలి, దవడ నిద్రపోతున్న బిడ్డ చెయ్యిలా వదులుగా ఉండాలి, ఒక స్వరం నుంచి మరో స్వరానికి పోయేటప్పుడు మధ్యలో గీత పడకూడదు. ఇన్నేళ్ళ సాధనతో పాలమీగడలా నిలబెట్టుకున్న ఆ నాదాన్ని ఇప్పుడు ఆ దొంగ సంతలో పశువులను అదిలించేవాడిలా అరుస్తున్నాడు. భుజాలు పైకెత్తి ఊపిరి బుస్సుబుస్సుమని పీలుస్తున్నాడు. మెడనరాలు వానపాముల్లా లేచాయి. పైస్థాయికి వెళ్ళేచోట గొంతు చిరిగిన గుడ్డలా పర్రుమంది. నిలిపిన ప్రతి స్వరం గాలికి ఊగే రేకులా గడగడలాడింది. పాట మధ్యలో అతను కాండ్రించి, ఉమ్మి, మళ్ళీ అక్కడి నుంచే ఎత్తుకున్నాడు.

"ఆహా! ఎంత బలం! మంటపం అదిరింది!" అన్నాడు ఒక సభికుడు కళ్ళు తుడుచుకుంటూ.

కేతకికి ఈగలూ, కంపూ, నోట్లో జిగురూ అన్నీ ఒక్కసారిగా చిన్నవైపోయాయి. తన గురువు వంటిమీది చీరను ఎవడో లాక్కుని కాళ్ళు తుడుచుకుంటుంటే చూస్తున్నట్టు ఉంది.

గళభైరవుడు పాట ముగించి, వేళ్ళు గొంతులోకి పెట్టి, కప్పను పళ్ళెంలో కక్కాడు. అది పక్కకు ఒరిగి పడుకుంది. పొట్ట మీద ఎర్రటి చారలు. నోరు తెరిచి మూస్తోంది.

చౌడక్క దాన్ని గోటితో కదిపి చూసింది. "ఇది నలిగిపోయింది దొరా. ఇంక పాటకి రాదు. మొసలికి పారేయించనా?"

గళభైరవుడు అవునన్నట్టు చెయ్యి ఊపి, కేతకి వైపు తిరిగి, ముందుకు రమ్మని సైగ చేశాడు.

ఆమె ముందు ఒక దీపస్తంభం నిలబెట్టారు. వత్తి సరిగ్గా ఆమె పెదవులకు ఎదురుగా, అరచేతి దూరంలో ఉంది. స్తంభానికి చుట్టుకుని నల్లటి పాము. మంట నిలకడగా ఉన్నంతసేపూ దాని కళ్ళు మూతలు పడుతున్నాయి. ఎవరో సభికుడు తుమ్మాడు. మంట వణికింది. పాము పడగ చప్పున లేచి, మంట ఎటు వాలిందో అటు తిరిగింది.

"నోట్లోంచి గాలి తోసేవాళ్ళంతా దీని కాటుకే పోతారు బాబూ," అంది చౌడక్క ఆవులిస్తూ. "మంట కదలకుండా పాడినోడి గొంతే దొరగారికి కావాలి. కదిలించావా, నువ్వు పాముకి. కదిలించలేదా, నువ్వు జలగకి. కానీ మరి."

శరభాంకుడు మృదంగం ముందు కూర్చున్నాడు. అతని వేళ్ళు మూత తోలు బిగింపును వదులు చేస్తున్నాయి. కేతకి కళ్ళతోనే ఆగమంది.

ఆమె ఊపిరి తీసుకుంది. పూలవాసన చూసినట్టు తీసుకోవాలి అనేది గురువు. ఇక్కడ ఆ వాసన కుళ్ళిన చిప్పలది. అయినా తీసుకుంది. నడుము చుట్టూ, వీపు దాకా నింపుకుంది. ఆవలింతకు ముందు తెరుచుకున్నట్టు గొంతు వెనక భాగం తెరుచుకుంది. అక్కడ స్వరాన్ని పెట్టింది, పెట్టినట్టు కూడా తెలియకుండా.

మంట కదల్లేదు.

సాలెపోగు లాంటి ఆ నాదం మంటపంలో ఏ మూల మొదలైందో ఎవరికీ అర్థం కాలేదు. అది మెల్లగా ఒళ్ళు చేసుకుంది. పిల్లనగ్రోవి అంత అయింది, వీణ అంత అయింది, ఆఖరికి కిటికీ స్ఫటికాలు జుమ్మన్నాయి. మంట బొమ్మ గీసినట్టు నిలబడే ఉంది. పాము గడ్డం స్తంభం మీద ఆనించి నిద్రపోయింది.

అసలు గండం అప్పుడు వచ్చింది. పక్కనున్న ఆస్థాన గాయకుడు వీణ మీద పై స్వరం మీటి, ఎక్కమన్నాడు. ఇంతసేపూ ఆమె పాడుతున్నది గుండెల్లో మోగే గొంతు. అది మగవాడిదంటే నమ్మవచ్చు. పైకి వెళ్ళాలంటే తలలో మోగే గొంతులోకి దాటాలి. ఆ రెంటి నడుమ ఉన్న అతుకు దగ్గరే ఎంతటి గాయకుడైనా కాలు జారుతాడు. ఆమె జారలేదు. ఒక గదిలోంచి మరో గదిలోకి గడపే లేనట్టు దాటేసింది. కానీ దాటాక వచ్చింది ఆడగొంతు. మొగ్గ విచ్చుకున్నట్టు, దాచడానికి వీల్లేకుండా వచ్చింది.

సభ గుసగుసలాడింది. గళభైరవుడు సింహాసనం దిగాడు. అతని కళ్ళలో అనుమానం లేదు, ఆకలి ఉంది. చౌడక్క చేతిలోని పాత్రలోంచి వేలెడు లావు జలగను తీసి పట్టుకుని, దీపం అవతలి నుంచి వంగి, ఆమె గొంతులోకి చూడడానికి ముఖం దగ్గరగా తెచ్చాడు. నోరు తెరుచుకుని ఉంది. చొంగ గడ్డం మీదుగా జారి వత్తి పక్కన పడి చుయ్యిమంది.

కేతకి స్వరాన్ని సన్నం చేయసాగింది. వీణ అంత, పిల్లనగ్రోవి అంత, సాలెపోగు అంత. పాట పూర్తయ్యాక కూడా గాయని దగ్గర ఊపిరి మిగిలి ఉండాలన్నది సుకంఠ విద్యలో మొట్టమొదటి పాఠం. ఆమె దగ్గర చాలా మిగిలింది.

స్వరం ఆగింది. ఆ మిగిలిన ఊపిరినంతా కేతకి మంట మీదికి ఉఫ్‌మని ఊదింది.

మంట అవతలివైపు పడుకుంది. పాము లేచింది. తెరిచి ఉన్న నోరు ఎదురుగానే ఉంది. గళభైరవుడి నాలుక మీద కాటు పడింది.

అతను కేక కూడా వేయలేకపోయాడు. నాలుక చూస్తుండగానే వంకాయలా ఉబ్బి పెదవుల బయటికి వచ్చేసింది. చేతిలోని జలగ జారి అతని గడ్డానికే అంటుకుంది. ఈలోగా శరభాంకుడు మృదంగం చీల్చి కత్తి లాగి, మొదటి బురదభటుణ్ణి అడ్డంగా నరికాడు. వాడు రెండు ముద్దలుగా పడి, మళ్ళీ దగ్గరికి పాకి అతుక్కోవడం మొదలుపెట్టాడు.

"వీళ్ళు చావరు! కప్పను తీసుకో, పరుగెత్తు!" అని అరిచాడు.

కేతకి పళ్ళెం మీదికి ఉరికింది. కప్ప పొట్ట అప్పటికే ఉబ్బి, చర్మం బిగిసి మెరుస్తోంది. పగలడానికి సిద్ధంగా ఉంది. దాని నోట్లోంచి మందారవల్లి మూలుగు చీమ నడకంత సన్నగా వినిపించింది. కుండల గది అవతలి వైపున ఉంది. ఆ దారిలో భటులు నిండిపోయారు.

జిగురు లేదు. మిగిలింది పొట్ట.

"వద్దు కేతకీ!" అన్నాడు శరభాంకుడు, ఆమె ఏం చేయబోతోందో చూసి.

ఆమె కప్పను ఎత్తింది. అది గళభైరవుడి కడుపులోంచి వచ్చింది. అతని ఎంగిలి, అతను మధ్యాహ్నం తిన్నదేదో, దాని వీపు మీద ఇంకా వెచ్చగా ఉన్నాయి. ఆమె కళ్ళు మూసుకోలేదు. మూసుకుంటే చేయలేకపోయేది. గొంతు వెనక భాగాన్ని పాటకు తెరిచినట్టే తెరిచి, నాలుకను అణిచి, లోపలికి తోసేసింది. చిన్న చిన్న కాళ్ళు అంగిటిని గీకాయి. ఒక పాదం కొండనాలుకను పట్టుకుని వేలాడింది. ఆమె మింగింది. మళ్ళీ మింగింది. అది ముద్దగా, చల్లగా, కదులుతూ ఛాతీ వెనక నుంచి దిగి కడుపులో చేరి ముడుచుకుంది.

సభికుల్లో ఒకావిడ మొగలిరేకు పారేసి వాంతి చేసుకుంది. ఇంతకాలం గళభైరవుడు మింగితే చప్పట్లు కొట్టిన చేతులే అవి.

ఇద్దరూ పరుగెత్తారు. స్ఫటికపు కిటికీని శరభాంకుడు భుజంతో పగలగొట్టాడు. కింద వంటశాల వ్యర్థాలు పారే కాలువ ఉంది. అందులోకి దూకి, గుండెల లోతు కుళ్ళులో ఈదులాడుతూ, పైన తేలే చేప తలలను చేతులతో నెట్టుకుంటూ బయటి చెరువులోకి వచ్చారు. వచ్చేటప్పుడు తాము రెల్లు చాటున దాచిన పడవ అక్కడే ఉంది. ఎక్కి గెడ వేశారు. వెనక ఒడ్డున బురదభటులు వరసగా నిలబడి నీళ్ళలోకి దిగడానికి జంకుతున్నారు. దిగితే కరిగిపోతారు. పడవల కోసం కేకలు వేస్తున్నారు.

ఎండలో కర్దమదుర్గం వెనక్కి జరుగుతోంది. శరభాంకుడు చొక్కా అంచుతో ముఖం తుడుచుకున్నాడు. అది తుడిచేకొద్దీ ఇంకా మురికైంది.

"కేతకీ, ఎలా ఉంది నీకు?" అన్నాడు.

ఆమె జవాబు చెప్పబోయింది. నోరు తెరిస్తే వచ్చింది ఆమె గొంతు కాదు.

"పడవ ఆపు నాయనా," అంది మందారవల్లి గొంతు, బొంగురుపోయి, గాయపడి, అయినా స్పష్టంగా.

శరభాంకుడి చేతిలో గెడ ఆగిపోయింది. కేతకి రెండు చేతులతో పొట్ట పట్టుకుని, తన నోట్లోంచి వస్తున్న మాటలను తానే వింటూ కూర్చుంది.

"అమ్మా! నగరంలో జనం ఆకలితో ఉన్నారు. మీరు తలుపులు తెరిస్తే..."

"తెరుస్తాను. కానీ ఆ కుండల గదిలో నా పక్క కుండలో లాలిపాట పాడే పిల్ల ఉంది. దగ్గే ముసలాయన ఉన్నాడు. వాళ్ళతో రాత్రీ పగలూ గడిపాను. ఆ నీచుడికి ఎక్కిన పాము విషం విరిచే మందు చౌడక్క దగ్గర ఉంది. ఈ పొద్దు వాలేలోపు వాడు లేస్తాడు. లేచాక కోపంతో అన్ని కుండలూ చెరువు గట్టున పగలగొట్టిస్తాడు. ఇప్పుడైతే భటులంతా మన కోసం ఈ ఒడ్డున ఉన్నారు. ఆ కాలువ వైపు ఎవరూ లేరు."

"మళ్ళీ ఆ కాలువలోంచా?" అన్నాడు శరభాంకుడు.

"అందులోంచే. ఇంకో మాట. కుండలు మొయ్యలేం. ఈ పిల్ల పొట్ట ఒక్కటే చాలదు. నువ్వూ నోరు తెరవాలి, యువరాజా."

కేతకి అతని ముఖం వైపు చూసింది. పులులను ఎదిరించి చంపినవాడు, ఇందాక చావని భటుల మధ్య కత్తి తిప్పుతూ నవ్వినవాడు, చెరువు నీళ్ళ కంటే పచ్చగా మారిపోయాడు. పడవ అంచు పట్టుకుని వంగి, ఉదయం తిన్నదంతా నీళ్ళలో కక్కేశాడు. చాలాసేపు కక్కాడు. తర్వాత మోచేత్తో మూతి తుడుచుకుని, గెడ అందుకుని, పడవను కాలువ వైపు తిప్పాడు.